బెంగళూరు మిట్టలు, పల్లాలు: మనం నడిచే నదుల ఒడ్లు

సభకు నమస్కారం.

బెంగళూరుకు నది లేదన్న మాట మనం తరచుగా వింటూ ఉంటాం. కృష్ణ ఒడ్డునో, పెన్న ఒడ్డునో పుట్టి ఇక్కడ స్థిరపడిన మనలో చాలామందికి అది నిజమనే తోస్తుంది. నది అనగానే ఇసుక తిన్నెలు, స్నానాల రేవు, దూరంగా ఆవలి ఒడ్డు మన కళ్ళముందు మెదులుతాయి. అటువంటి నది ఇక్కడ లేదు. కానీ ఈ ఊళ్ళో మనం రోజూ ఎక్కి దిగే రోడ్లు చాలావరకు నదీలోయల ఒడ్లేనని నేను ఈరోజు మీకు మనవి చేయదలచుకున్నాను.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరం నడుమ, ఈశాన్యం వైపు నుంచి నైరుతి వైపుగా ఒక పొడవాటి మిట్ట సాగుతుంది. దానికి పడమట కురిసిన వాన వృషభావతిలో చేరి, అర్కావతి మీదుగా కావేరిలో కలుస్తుంది. తూర్పున కురిసిన వాన హెబ్బాళ లోయ, కోరమంగళ–చల్లఘట్ట లోయల వెంట దక్షిణ పినాకినికి చేరుతుంది. ఈ దక్షిణ పినాకిని మన పెన్నకు తోబుట్టువు. రెండూ నంది కొండల ప్రాంతంలోనే పుట్టి, ఒకటి నెల్లూరు దిక్కుకు, మరొకటి కడలూరు దిక్కుకు పోతాయి. ఇలా నదులు మొదలయ్యే చోట కట్టిన ఊరు కాబట్టే ఇక్కడ పెద్ద ప్రవాహం కనబడదు, లోయలు మాత్రం అడుగడుగునా ఉంటాయి.

బసవనగుడిలో పెద్ద బసవన్న కొలువున్న గుట్ట దగ్గర నిలబడి, పడమటగా కెంపాంబుధి చెరువు వైపు దిగి చూడండి. వృషభావతి ఆ బసవన్న పాదాల దగ్గరే పుట్టిందని స్థానికుల నమ్మకం. దిగుతున్నకొద్దీ మోకాళ్ళకు వాలు తెలుస్తుంది. వీధిలోంచి చూస్తే ఒంటి అంతస్తుగా కనబడే ఇల్లు, వెనక సందులోంచి చూస్తే రెండంతస్తులుగా ఉంటుంది. గేటు ముందు రెండు మెట్లుంటే, పెరటికి పన్నెండు మెట్లు. వాన పడిన సాయంత్రం అక్కడ నిలబడితే, తారు రోడ్డు మీది నీళ్ళు ఎవరూ దారి చూపకుండానే చెరువు వైపు మళ్ళుతాయి. నీరు పల్లమెరుగు అన్న మన పెద్దల మాటకు అంతకంటే స్పష్టమైన సాక్ష్యం నేను చూడలేదు.

రెండు వైపులా వాలు ఒకే రకంగా లేదు. పడమటి వృషభావతి లోయలో వాలు ఎక్కువ, నీరు వేగంగా దూకి ఒడ్డును కోస్తుంది. తూర్పు వాలు నెమ్మదిగా పరుచుకుంటుంది కనుక అక్కడి నీరు పరుగెత్తదు, నిలుస్తుంది. మన పూర్వులు దీన్ని గమనించే, ఆ వాలు మీద మెట్లు మెట్లుగా చెరువులు కట్టారు. పైచెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. బెళ్ళందూరు చెరువు నిండితే వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి. వాటిని కలిపే రాజకాలువలు ఇరుకైపోయి, పల్లపు నేలలు ఇళ్ళస్థలాలైన తరువాత, 2022 సెప్టెంబరులో ఆ వైపు కాలనీల్లోంచి జనాన్ని పడవల మీద, ట్రాక్టర్ల మీద బయటికి తీసుకురావలసి వచ్చింది.

పడమట నష్టం వేరు రకం. మైసూరు రోడ్డు పక్కన మెట్రో స్తంభాల పొడుగునా పారే వృషభావతిని చూడండి: వాలుగా ఉండవలసిన ఒడ్లు చాలాచోట్ల నిలువు గోడలయ్యాయి. వాలు ఒడ్డు మీద గడ్డి, చెట్ల వేళ్ళు నీటి వేగాన్ని తగ్గిస్తాయి, కొంత నీటిని నేలలోకి దించుతాయి. నిలువు గోడ ఆ పని చేయదు. నీటిని మరింత వేగంగా కింది పేట మీదికి తోస్తుంది. పైగా గోడ వెనక మట్టిలో ఊరే నీటికి దారి కావాలి. గోడలో వదిలే చిన్న కన్నాలు అందుకే.

నేను రాజరాజేశ్వరి నగర్‌లో ఒక కాలువ పక్క ఇంట్లో అద్దెకు ఉన్నాను. ఆ ఇల్లు కట్టినవారు పల్లాన్ని మట్టి పోసి ఎత్తు చేశారు. గోడకు కన్నాలు వదలలేదు. రెండో వానాకాలంలో ప్రహరీ మీద వేలు పట్టేంత పగులు వచ్చింది, నెల తిరగకుండా పెరటి బండలు కాలువ వైపు ఒరిగాయి. ఇంటావిడ ఏళ్ళ తరబడి పెంచుకున్న కరివేపాకు చెట్టు ఒక రాత్రి వేళ్ళతో సహా జారిపోయింది. ఆ ఉదయం ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ ఒడ్డు ఎక్కడ మొదలవుతుందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఎత్తుపల్లాల లెక్క మన కుళాయిలోనూ ఉంది. మనం తాగే కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అంచెలంచెలుగా పంపులతో పైకెక్కి వస్తుంది. వాడిన నీరు మళ్ళీ ఈ లోయల్లోకే దిగుతుంది. కోరమంగళ–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. తెలుగు మాట్లాడే మన బంధువులు ఎందరో ఆ చెరువుల కింద సేద్యం చేస్తున్నారు. ఆ నీటిని ఇంకా బాగా శుద్ధి చేయాలని అక్కడి రైతులు అడుగుతున్నారు, అది న్యాయమైన కోరిక అని నా అభిప్రాయం.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు గవి గంగాధరేశ్వరాలయం ముందు కలుద్దాం. అక్కడి నుంచి కెంపాంబుధి కట్ట దాకా దిగి, చెరువు నీరు బయటికి పోయే చోటును దగ్గరగా చూసి, మళ్ళీ మిట్ట ఎక్కుదాం. పిల్లలను తప్పక తీసుకురండి.