మొదటి ఆర్‌సీ విమానం: ఏ రెక్క, ఏ ఇంజను?

(బల్ల మీద రెండు విమానాలు: ఒక యుద్ధ విమానం నమూనా, ఒక సాదాసీదా ట్రైనర్.)

నమస్కారం. ఇవి నేల మీద నిలబడి రేడియో రిమోట్‌తో నడిపే ఆర్‌సీ విమానాలు. ఈ రెండింటిలో మీ చూపు దేనిమీద నిలిచిందో నాకు తెలుసు. ఆ యుద్ధ విమానం మీదే కదా! అందంలో దానికి సాటి లేదు. అయినా మొదటి విమానంగా దాన్ని కొనవద్దని బతిమాలుతున్నాను. ఎందుకో ఈ రెండోదాన్ని, నేర్చుకునేవారి కోసం చేసిన ట్రైనర్‌ను, దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

(ట్రైనర్‌ను ముక్కు వైపు నుంచి చూపాలి.)

రెక్క బాడీకి పైన కూర్చుంది. కొసలు రెండూ కొంచెం పైకి లేచి ఉన్నాయి. దీన్ని డైహెడ్రల్ అంటారు. గాలికి ఎడమ రెక్క వాలిందనుకోండి, విమానం ఆ పక్కకే జారుతుంది. జారేటప్పుడు వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి, దాన్నే బలంగా పైకి నెడుతుంది. ఏం చేయాలో తోచని క్షణంలో రిమోట్ మీది స్టిక్కు వదిలేస్తే చాలు, తగినంత ఎత్తు ఉంటే విమానం తనంతట తానే సర్దుకుంటుంది. యుద్ధ విమానాన్ని ఎలా వంచితే అలాగే ఉండిపోతుంది.

మొదట్లో అందరినీ ఏడిపించేది ఇంకొకటి ఉంది. విమానం మీవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క వాలినట్టు కనిపిస్తే స్టిక్కును ఆ వైపుకే నెట్టండి. ఇది చేతికి అలవాటయ్యేదాకా మీకు వ్యవధి ఇచ్చేది నెమ్మదిగా ఎగిరే విమానమే. అందుకే అడుగు చదునుగా ఉన్న మందపాటి రెక్క, ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 150 సెంటీమీటర్లు ఉన్నది ఎంచుకోండి. మరీ చిన్నది గాలికి అల్లాడుతుంది, దూరం పోతే ఎటు తిరిగిందో కంటికి ఆనదు.

(ఇంజను దగ్గరగా.)

ఈ కొలత ట్రైనర్ పెట్టె మీద 40 అనో 46 అనో ఉంటుంది. అది ఇంజను పరిమాణం. 40 అంటే 0.40 ఘనపు అంగుళాలు, సుమారు 6.5 సీసీ. నన్నడిగితే 46, అదీ బాల్ బేరింగులున్నది. అయితే బలం కన్నా ముందు నేను చూసేది ఐడిల్, అంటే వేగం బాగా తగ్గించినా ఇంజను ఆగకుండా నెమ్మదిగా తిరగడం. దిగడానికి థ్రాటిల్ తగ్గించగానే ఇంజను ఆగిపోతే, దిగడం కుదరనప్పుడు మళ్లీ పైకి లేచే దారి ఉండదు.

అది చాలావరకు ఇంజనుకు వెళ్లే ఇంధనాన్ని హెచ్చించి తగ్గించే సూదిని సర్దడంలో ఉంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సూదిని కొద్దికొద్దిగా మూస్తూ చెవిపెట్టి వినండి. మోత హెచ్చి ఒకచోట నిలుస్తుంది. అక్కడ ఆపకండి, ఒకటి రెండు క్లిక్కులు వెనక్కి తెరవండి. మోత కాస్త బరువెక్కాలి, సైలెన్సర్ నుంచి పల్చటి పొగ రావాలి. తరవాత విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు ఆకాశానికి ఎత్తండి. మోత నీరసిస్తే ఇంధనం చాలడం లేదు, ఇంకాస్త తెరవండి. ఈ ఇంజనుకు కందెన నూనె ఇంధనంలోనే కలిసి వస్తుంది. ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గినట్టే. సూది తిప్పే చేయి ఎప్పుడూ ప్రొపెల్లర్ వెనక నుంచే రావాలి.

పక్కన నేర్పేవారు లేకపోతే ఇంజను బదులు బ్యాటరీతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు మేలు. లిథియం పాలిమర్ బ్యాటరీని చార్జింగులో పెట్టి మాత్రం గది వదలకండి.

(వేలికొసల మీద విమానం.)

ఎగరేసే ముందు, ట్యాంకు ఖాళీగా ఉంచి, ప్లానులో సమతూకం కోసం గుర్తించిన చోట రెక్క కింద రెండు వేలికొసలు పెట్టి ఎత్తండి. ముక్కు వెంట్రుకవాసి కిందికి వాలితే సరే. తోక వాలితే ఆరోజు ఎంత తొందరగా ఉన్నా ఎగరేయకండి. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ బ్యాటరీని ముందుకు జరిపి, మళ్లీ ఎత్తి చూడండి.