ముందు దర్శనం, తర్వాత ఆయాసం: ఎలబానా జలపాతానికి పగటి నడక

అందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్, గోల్డ్‌కోస్ట్‌లలో ఉండే మనవాళ్ళు లామింగ్టన్ కొండ మీదికి ఒక్కసారైనా కారు వేసుకుని వెళ్ళే ఉంటారు. చాలామంది ఓరైలీస్ అనే విడిది దగ్గర చిలకలతో ఫోటో దిగి, చెట్ల మధ్య వేలాడే వంతెన ఎక్కి, కాఫీ తాగి తిరిగొచ్చేస్తారు. అక్కడే మొదలయ్యే బాక్స్ ఫారెస్ట్ సర్క్యూట్ గురించి, ఆ దారిలో ఉండే ఎలబానా జలపాతం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. చుట్టూ తిరిగి వస్తే దాదాపు 11 కిలోమీటర్లు. 4 గంటలు పడుతుందని లెక్క. పిల్లలు, ఫోటోలు, భోజనాలు ఉన్న గుంపైతే 6 గంటలు వేసుకోండి.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఈ కొండ మనకు అలవాటైన కొండలకు తలకిందులు. తిరుమల మెట్ల దారిలో ముందు ఆయాసం, తర్వాత దర్శనం. ఇక్కడ ముందు దర్శనం, తర్వాత ఆయాసం. కారు ఆగేది కొండ పైన, సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో. జలపాతం ఉన్నది కింద వాగు లోయలో. కాబట్టి పొద్దున హుషారుగా దిగిపోతారు, ‘ఇంతేనా’ అనుకుంటారు. మధ్యాహ్నం కడుపు నిండాక, కాళ్ళు బరువెక్కాక ఎక్కుడు మొదలవుతుంది. ఇక్కడ చీకటి పడేదాకా చిక్కుకుపోయేవాళ్ళలో ఎక్కువమందిని ముంచేది ఈ లెక్కే, పాములు కావు. దిగడానికి గంటన్నర పట్టిందంటే ఎక్కడానికి రెండు గంటలకు పైనే ఉంచుకోండి.

దారి మాత్రం నిట్టనిలువుగా ఉండదు. 1915లో ఈ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. దానికోసం పట్టుబట్టిన వాళ్ళలో రోమియో లేహీ అనే ఇంజినీరు ఒకరు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో పనుల్లేని కూలీల చేత పలుగూ పారలతో తవ్వించిన బాటలే ఇప్పటికీ మనం నడిచేవి. వాలు పదికి ఒకటి మించకుండా చూశారు, అంటే పది మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కుడు. అందుకే దారి పాములా మెలికలు తిరుగుతుంది. మెలిక మెలికకీ మధ్య అడ్డదారి కనిపిస్తుంది, దిగబుద్ధి అవుతుంది. దిగకండి. ఒక్కసారి గాడి పడిందంటే వచ్చే వాన నీళ్ళన్నీ దాంట్లోంచే పారి, కింది బాట కోసుకుపోతుంది.

టైము సంగతి. జూన్‌లో బ్రిస్బేన్‌లో సూర్యాస్తమయం సాయంత్రం 5 గంటలకే. అడవి లోపల, అందులోనూ వాగు పక్కన, దానికి గంట ముందే మసక పడుతుంది. ఇంటి దగ్గర 6కి బయల్దేరితే 9 లోపు నడక మొదలుపెట్టొచ్చు. కెనంగ్రా ఊరు దాటాక 36 కిలోమీటర్లు సన్నని మలుపుల రోడ్డు. పెట్రోలు కెనంగ్రాలోనే పోయించుకోండి, వాంతులయ్యే పిల్లలకు టిఫిను అక్కడ పెట్టకండి, పైకెళ్ళాకే పెట్టండి. జలపాతం దగ్గర ఎంత బాగున్నా ఒంటిగంటకు లేవాలి. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి ఉండాలి. ఫోను లైటు లెక్కలోకి రాదు, ఆ చార్జింగే మీకు అవతల అవసరం.

రెండో ప్రమాదం తడి రాయి. వాగు దాటే చోట్ల మనవాళ్ళు చేసే పని, బూట్లు తడవకుండా రాయి మీంచి రాయి మీదికి గెంతడం. నల్లగా నిగనిగలాడే రాయి మీద నాచు ఉంటుంది, సబ్బు రాసినట్టే జారుతుంది. మడమ మెలిక పడేది, మణికట్టు విరిగేది అక్కడే. బూట్లు తడవనివ్వండి. నీళ్ళలోకే దిగి, ఎగువ వైపు ముఖం పెట్టి, ఒక కాలు నిలిచాకే రెండో కాలు కదపండి. బ్యాగు నడుం పట్టీ ముందే విప్పుకోవాలి. పడ్డారంటే బ్యాగు వదిలేసి లేవగలగాలి. మోకాలు దాటి వేగంగా పారుతుంటే ఆ రోజుకు నడక అక్కడికే సరి, వెనక్కి తిరగండి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఒక్క వానకే వాగు పొంగుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మేలు. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుఫాను తర్వాత ఇక్కడి బాటలు మూసేశారు. అందుకని బయల్దేరే ముందు పార్కు హెచ్చరికల పేజీ చూడటం తప్పదు.

ఇక చెట్లు. ఈ బాటకు పేరు తెచ్చిన బ్రష్ బాక్స్ చెట్టు మన నేరేడు, జామ కుటుంబానిదే. నున్నటి గులాబీ రంగు బెరడు. ఇక్కడి కొన్నిటికి కార్బన్ పరీక్షలో 1500 ఏళ్ళని తేలింది. వాటిని ముట్టుకోండి, పర్వాలేదు. ముట్టుకోకూడనిది స్టింగింగ్ ట్రీ. హృదయాకారంలో పెద్ద పెద్ద ఆకులు, తరచూ పురుగులు తొలిచిన చిల్లులతో కనిపిస్తాయి. పెద్ద చెట్టు కూలి వెలుగు పడ్డ చోట, బాట అంచుల్లో మొలుస్తుంది. ఆకు నిండా సన్నని గాజు సూదుల్లాంటి నూగు. మన దూలగొండి దీని ముందు దిగదుడుపే, ఆ మంట రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిరగబెడుతుంది. తగిలితే రుద్దకండి, సూదులు ఇంకా లోపలికి దిగుతాయి. వెంట్రుకలు పీకే వాక్స్ స్ట్రిప్ ఉంటే అంటించి లాగండి, లేకపోతే ప్లాస్టర్ టేపు. దాని పక్కనే కంజివాయ్ అనే మొక్క కనిపించొచ్చు. అచ్చం మన చేమాకే. దాని రసం మంటకు మందు అనే మాట చలామణిలో ఉంది. అది విషపు మొక్క, ఒంటికి రాయకండి. చేమాకు వేపుడు గుర్తొచ్చి కోసుకున్నా కొంప మునుగుతుంది.

లాయర్ వైన్ అన్నది మన పేము జాతి తీగ. దాని కొక్కేలు వెనక్కి తిరిగి ఉంటాయి. పట్టుకున్నాక ముందుకు గుంజితే చొక్కా, చర్మం రెండూ చీలతాయి. ఒకడుగు వెనక్కి వేస్తే అదే వదిలేస్తుంది.

జలగల గురించి అందరూ ఎక్కువ భయపడతారు, నిజానికి వాటితో ఏమీ కాదు. ప్యాంటు అంచుల్ని మేజోళ్ళలో దోపండి. పట్టిన జలగ నోటి దగ్గర గోరు పెట్టి పక్కకు తోసేయండి. ఉప్పు, అగ్గిపుల్ల వద్దు, కడుపులోది గాయంలోకి కక్కుతుంది. పాముల విషయానికొస్తే, కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం చేయకండి. వెడల్పాటి సాగే బ్యాండేజీలు రెండు తెచ్చుకుని, చెయ్యి గానీ కాలు గానీ మొత్తం చుట్టి, కదలకుండా పడుకోబెట్టండి. కాటు చోటు కడగొద్దు. అత్యవసర నంబరు 000కి ఫోను చేయాలి. లోయలో సిగ్నల్ దొరకదు కాబట్టి, ఆపదలో మీరున్న చోటును ఉపగ్రహం ద్వారా తెలిపే లొకేటర్ బీకన్ అద్దెకు తీసుకోవడం తెలివైన పని. మ్యాపు ముందే ఫోనులోకి దించుకోండి. ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి.

మనిషికి 2 లీటర్ల నీళ్ళు మోయండి. పులిహోర బాగా పనికొస్తుంది, పొట్లం ఆకుతో సహా తిరిగి ఇంటికే. మూత్రానికో, మరో పనికో అడవిలోకి వెళ్ళాల్సి వస్తే వాగుకు 100 మీటర్ల దూరం, గుంట 15 సెంటీమీటర్ల లోతు.

జలపాతం దగ్గర ఒక మాట. నీళ్ళు ఎండాకాలంలోనూ వణికిస్తాయి. గుండంలోకి పైనుంచి దూకకండి, అడుగున బండలు కనబడవు. సన్‌స్క్రీన్, దోమల మందు పూసుకున్న ఒంటితో నీళ్ళలో దిగొద్దు, ఆ వాగుల్లో అరుదైన కప్పలున్నాయి. వాన పడ్డ రోజు బాట మీదే నీలం రంగు క్రేఫిష్, అంటే పెద్ద రొయ్యలాంటి జీవి, ఎదురు రావొచ్చు. రెండు కొండీలూ పైకెత్తి బుసకొడుతుంది. దారి దానిదే, పక్కకు జరగండి.

ఆ రాత్రి స్నానానికి ముందు చెవుల వెనక, జుట్టులో, చంకల్లో, నడుం పట్టీ దగ్గర పిడుదుల కోసం వెతకండి. కనిపిస్తే మామూలు చిమటాతో పీకకండి, నొక్కితే విషం లోపలికి పోతుంది. మందుల షాపులో దొరికే ఫ్రీజింగ్ స్ప్రే కొట్టి, చచ్చాక రాలిపోనివ్వండి. ఈ పిడుదు కాటు తర్వాత కొందరికి మాంసం పడకుండా పోతుంది. కోడి, చేప కాదు, మటన్, బీఫ్, పోర్క్. తిన్న మూడు నాలుగు గంటల తర్వాత దద్దుర్లొస్తే, పులుసులో మసాలా ఎక్కువైందని సరిపెట్టుకోకుండా డాక్టరుకు పిడుదు సంగతి చెప్పండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.