బెర్లిన్ అంచున ఇటుకల కొండ

[దృశ్యం: అడవి దారి. మట్టిలోంచి తొంగిచూస్తున్న ఎర్ర ఇటుక ముక్క]

ఈ ఇటుక ముక్క చూశారా? కొండ మీద దీనికేం పని అనిపిస్తుంది కదా! అసలు ఇది కొండే కాదండీ, ఒకప్పటి బెర్లిన్ ఇళ్లు. గోడలు, పెంకులు, మెట్లు అన్నీ తెచ్చి కుప్పపోస్తే సముద్ర మట్టానికి 120 మీటర్ల ఎత్తుకు లేచింది. పేరు టాయ్‌ఫెల్స్‌బెర్గ్, అంటే సైతాను కొండ. దీని వెనక దెయ్యం కథేమీ లేదు, పక్కనున్న చెరువు పేరే దీనికీ వచ్చింది.

[దృశ్యం: యుద్ధం తర్వాతి బెర్లిన్, పాత ఫొటోలు]

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బెర్లిన్‌లో ఎటు చూసినా శిథిలాలే. ఈ కొండున్న పశ్చిమ బెర్లిన్ చుట్టూ ఉన్నదేమో సోవియట్ల చేతిలోని ప్రాంతం. కాబట్టి ఊళ్లోనే ఎక్కడో పోసుకోవాలి. ఇక్కడ అప్పటికే నాజీల సైనిక కళాశాల సగం కట్టి ఉంది. 1937లో హిట్లరే దానికి శంకుస్థాపన చేశాడు. పేల్చి కూల్చడం కష్టమైంది, సరే, దాని మీదే పోసేద్దామన్నారు. రోజుకు 800 లారీల దాకా వచ్చేవట! 1972 దాకా పోస్తూనే ఉన్నారు. ఆయన మొదలెట్టిన యుద్ధంలో కూలిన ఇళ్లే ఆయన కట్టడాన్ని పూడ్చేశాయి. పైన ఎన్ని వింతలున్నా, నాకు మాత్రం ఈ కొండంటే ఇదే.

[దృశ్యం: చిరిగిన తెల్ల గుండ్లు, గాలికి కొట్టుకుంటున్న గుడ్డ]

ఇవి గూఢచారుల గుండ్లు, అంటే యాంటెన్నాల మీద కప్పిన గుండ్రటి ముసుగులు. చదునైన ఊళ్లో ఇంత ఎత్తు దొరికితే ఊరుకుంటారా? అమెరికా, బ్రిటన్ వాళ్లు ఇక్కడ యాంటెన్నాలు పెట్టి తూర్పు వైపు రేడియో మాటలు వినేవారు. ఏ దిక్కుకు తిప్పారో బయటివాళ్లకు తెలియకుండా ఈ ముసుగులు. 1989లో బెర్లిన్ గోడ కూలాక ఇక వినాల్సిన పని లేకపోయింది, ఖాళీ చేసి వెళ్లిపోయారు. 2007 ప్రాంతంలో మహర్షి మహేష్ యోగి అనుచరులు ఇక్కడ విశ్వవిద్యాలయం కడతామన్నారు. అదీ జరగలేదు. ఇప్పుడు గోడల నిండా గ్రాఫిటీ.

[దృశ్యం: రైలు దిగి నడక]

ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో హేర్‌ష్ట్రాసె స్టేషన్‌లో దిగి అడవిలోంచి నడవాలి. గుండ్ల ఆవరణలోకి టికెట్ ఉంటుంది. పై గుండులోకి వెళ్లనిస్తే ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ఆ ప్రతిధ్వని ఎంతసేపటికీ ఆగదు.

టికెట్ ఎందుకు అనుకుంటే పక్కనే డ్రాహెన్‌బెర్గ్ ఉంది. అదీ శిథిలాల కుప్పే, పైన చదునుగా ఉంటుంది. డ్రాహెన్ అంటే జర్మన్‌లో డ్రాగన్, గాలిపటం కూడా. పేరుకు తగ్గట్టే జనం అక్కడ పటాలు ఎగరేస్తుంటారు. మన సంక్రాంతి మాంజా గొడవలేమీ ఉండవు గానీ, గాలి మాత్రం గట్టిగా కొడుతుంది. స్వెటర్ మర్చిపోకండి.