లైసెన్సు చేతికొచ్చాక నేర్చుకోవాల్సిన డ్రైవింగు

(డాలస్ ప్రాంతంలోని తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇన్ని పనులు పక్కన పెట్టి వచ్చారు, చాలా సంతోషం.

కిందటేడు మా అమ్మాయికి పదహారు నిండి లైసెన్సు వచ్చింది. మూడో వారంలో, వాన తుంపర పడుతున్న ఒక సాయంత్రం, సిగ్నల్ దగ్గర ముందున్న కారును గుద్దేసింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నేను పరుగున వెళ్ళేసరికి రోడ్డు పక్కన వణుకుతూ నిలబడి ఉంది. "నాన్నా, బ్రేక్ గట్టిగానే తొక్కాను. కాలి కింద గడగడలాడింది. విరిగిపోతోందేమోనని కాలు తీసేశాను" అంది.

అది విరగడం కాదు, ఏబీఎస్, అంటే యాంటీ-లాక్ బ్రేకు పనిచేయడం. చక్రాలు బిగుసుకుపోయి కారు జారకుండా సెకనుకు ఎన్నోసార్లు బ్రేకును పట్టి వదులుతుంది. పాదానికి తెలిసేది ఆ అదురే. అప్పుడు కాలు తీయకూడదు. కారు ఆగేదాకా తొక్కి పట్టుకోవాలి. డ్రైవింగు స్కూలుకు వెళ్ళి, పరీక్ష మొదటిసారే పాసైన పిల్ల ఆ రోజు వరకు ఒక్కసారి కూడా బ్రేకును పూర్తిగా తొక్కలేదు. పరీక్షలో ఆ అవసరం రాదు.

తప్పు నాది కూడా. టెక్సస్‌లో పిల్లలు పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని 30 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. ఆ గంటలు నమోదు చేసే లాగ్ కాగితంలో రాత్రి గంటలు కొన్ని నేను కూర్చుని రాసేసినవే. ఇది మీ ముందు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

తర్వాత నెలలోనే ఒక్కరోజు అడ్వాన్స్‌డ్ కోర్సుకు పంపాను. పెద్ద ఖాళీ పార్కింగ్ లాట్, నారింజ రంగు కోన్లు, పక్క సీట్లో ఒక కోచ్. మొదటి అరగంట కారు కదల్లేదు. సీటు సరిచేయడమే పాఠం. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పై అంచుకు తగలాలి. మా అమ్మాయి ఎంత వెనక్కి కూర్చునేదంటే, బ్రేకు చివరిదాకా తొక్కాలంటే కాలు అందేది కాదు!

ఆ తర్వాత గంటకు 40 మైళ్ళ వేగంలో కోన్ దాటగానే బ్రేకు. మొదటిసారి మళ్ళీ కాలు తీసేసింది. రెండోసారి సగం పట్టింది. నాలుగోసారి కారు ముక్కు కిందికి వంగి, గడగడలాడుతూ, నేరుగా నిలబడిపోయింది. కంచె పక్కన నిలబడి చూస్తున్న నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తడినేల మీద జారడం, రెండు చక్రాలు రోడ్డు అంచు దిగిపోతే స్టీరింగు ఒక్కసారిగా లాగకుండా వేగం తగ్గించి నెమ్మదిగా పైకి ఎక్కించడం, ఇవన్నీ ఆ రోజే. గంటకు 60 మైళ్ళ వేగంలో కారు సెకనుకు 88 అడుగులు వెళ్ళిపోతుందని మనకు లెక్క తెలుసు. పిల్లలకు అది కాలికి తెలియాలి.

అయితే ఒక హెచ్చరిక. నార్వేలో ఒకప్పుడు కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద కారును అదుపు చేసే శిక్షణ ఇచ్చారు. 1980ల్లో దాని ఫలితం పరిశీలిస్తే, కుర్రాళ్ళ ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని తేలింది. "జారినా నేను కారును తిప్పుకోగలను" అన్న ధీమా పెరగడమే కారణమై ఉంటుందని అనుకున్నారు. అందుకే చేర్చేముందు అడగండి: మా పిల్లకు స్టంట్లు నేర్పుతారా, కారు ఎక్కడ చేతికి చిక్కకుండా పోతుందో చూపిస్తారా? రెండోదానికే డబ్బు కట్టండి.

2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ హైవే మీద మంచు పేరుకుని 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. అలాంటి మంచు మీద ఏ కోర్సూ కాపాడదు. ఆ పొద్దున కారు తీయకపోవడమే డ్రైవింగు. మొన్న పెద్ద వానలో మా అమ్మాయి లైబ్రరీ నుంచి ఫోన్ చేసి "అరగంట ఆగి వస్తా నాన్నా" అంది. కోర్సు ఫీజు నాకు ఆ మాటలో తిరిగొచ్చింది.

డగ్ హెర్బర్ట్ అని ఒక డ్రాగ్ రేసర్ ఉన్నారు, అంటే తిన్నని ట్రాక్ మీద కార్ల పందేలు ఆడేవారు. 2008లో కారు ప్రమాదంలో ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్నారు. అదే ఏడు నార్త్ కరోలినాలో 'బ్రేక్స్' అనే సంస్థ పెట్టి టీనేజర్లకు ఇలాంటి శిక్షణ ఇస్తున్నారు. అక్కడ పిల్లల్ని దించేసి వెళ్ళిపోతామంటే కుదరదు, తల్లో తండ్రో ఉండి తీరాలి. అది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. మనకు పొద్దున ఎనిమిదంటే చలికాలంలో ఇండియాలో రాత్రి ఏడున్నర. అమ్మతో వాట్సాప్ కాల్ మాట్లాడేది ఆఫీసుకెళ్ళే దారిలోనే కదా? వెనక సీట్లో కూర్చుని పదహారేళ్ళుగా మన పిల్లలు అదే చూశారు.

వచ్చే నెల కోర్సుకు పేర్లు రాసుకునే కాగితం తలుపు దగ్గర టేబుల్ మీద ఉంది. పిల్లలు రోజూ నడిపే కారే తీసుకురండి. మడమ కప్పే బూట్లు వేయించండి, చెప్పులు వద్దు. ముందురోజు రాత్రే మీరూ పిల్లలూ కలిసి నాలుగు టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే లోపలి అంచు మీద అంటించిన స్టిక్కర్‌పై రాసి ఉంటుంది.