కెరటోకోనస్ లెన్స్: కనిపిస్తే చాలదు, కుదరాలి

యాంకర్: నమస్కారం, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. అక్కా, కెరటోకోనస్ ఉన్నవాళ్లు బెంగళూరు పోయి లెన్స్ పెట్టించుకుంటారు. అక్కడ చార్టు చివరి వరుస దాకా చదువుతారు. ఊరికొచ్చిన రెండోరోజే కన్ను ఎర్రబడుతుంది. ఎందుకట్లా?

ఆప్టోమెట్రిస్ట్: చూపు వేరు, ఫిట్ వేరు తమ్ముడూ. ఫిట్ అంటే లెన్స్ కంటి మీద సరిగ్గా కుదరడం. ఈ జబ్బులో కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. ఆ ఎగుడుదిగుడుని కళ్లద్దాలు పూర్తిగా సరిచేయలేవు. గట్టి లెన్స్ పెడితే దాని వెనక నీరు నిండి, గుంతలన్నీ పూడిపోతాయి. అందుకే ఫిట్ చెడిపోయినా చూపు బాగుండొచ్చు. మోసపోయేది అక్కడే.

యాంకర్: మరి ఫిట్ ఎట్లా చూస్తారు?

ఆప్టోమెట్రిస్ట్: ఫ్లోరెసిన్ రంగు వేసి నీలం వెలుగులో చూస్తాం. కన్నీరు నిలిచిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది, లెన్స్ ఆనిన చోట నల్లగా ఉంటుంది. చిన్న ఆర్‌జీపీ లెన్స్, అంటే గాలి చొరబడే గట్టి లెన్స్, 9 మిల్లీమీటర్ల చుట్టుపక్కలది, శంకువు కొసను ఈక తగిలినట్టు తాకాలి. బరువంతా పక్కలు మోయాలి. కొసన గట్టి నల్లమచ్చ కనిపిస్తే ఆ రాపిడికి పుండు పడుతుంది, తర్వాత మచ్చ మిగలొచ్చు.

యాంకర్: స్క్లెరల్ లెన్స్‌కి?

ఆప్టోమెట్రిస్ట్: అది 15 నుంచి 18 మిల్లీమీటర్లుంటుంది, కంటి తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది, కార్నియాను తాకకూడదు. పెట్టగానే మధ్యలో 300 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఖాళీ ఉందనుకో, కొన్ని గంటల్లో లెన్స్ దిగి సుమారు 100 తగ్గిపోవచ్చు. పొద్దున తాకనిది సాయంత్రానికి తాకొచ్చు. అందుకే ట్రయల్ లెన్స్ పెట్టించుకుని వెంటనే ఆర్డరు ఇచ్చేయొద్దు. మూడు నాలుగు గంటలు ఉంచుకుని మళ్లీ స్లిట్‌ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే పరికరం) ముందు కూర్చోండి. అంచు కింద రక్తనాళాలు పాలిపోయి తెల్లగా కనిపిస్తే బిగుతని అర్థం.

యాంకర్: ఇంట్లో పెట్టుకునేటప్పుడు బుడగ వస్తోందంటారు.

ఆప్టోమెట్రిస్ట్: తల పైకెత్తి పెట్టుకుంటే సెలైన్ ఒలికిపోతుంది, ఆ చోట గాలి చేరుతుంది. బల్ల మీద అద్దం పడుకోబెట్టి, ముఖం నేలకు సమానంగా వంచాలి. లెన్స్ గిన్నెలో ప్రిజర్వేటివ్ లేని సెలైన్ అంచు దాకా పొంగేట్టు నింపాలి. రెండు రెప్పలూ బాగా తెరిచి, నీళ్లు కంటిని తాకేదాకా నేరుగా పైకి తేవాలి. బుడగ పడితే సర్దడం కాదు, తీసి మళ్లీ నింపడమే. తీసేటప్పుడు ప్లంజర్, అంటే లెన్స్‌ని పీల్చి పట్టే చిన్న రబ్బరు పిడి, తడిపి లెన్స్ అంచు దగ్గర ఆనించాలి. నడిమధ్యన ఆనించి లాగితే లెన్స్ ఊడదు, కంటికి దెబ్బ.

యాంకర్: బోరు నీళ్లతో కడగొచ్చా?

ఆప్టోమెట్రిస్ట్: ఏ నీళ్లూ వద్దు, క్యాన్ నీళ్లయినా సరే. అకాంతమీబా అనే సూక్ష్మజీవి నీళ్లలోంచి రావొచ్చు. అది కార్నియాలోకి చేరితే నెలల తరబడి మందు వేయాలి, చూపే పోవచ్చు. ఇంకోటి, మన దుమ్ముకి దురద పుడుతుంది, కళ్లు నలుపుతారు. నలపడం ఈ జబ్బుని పెంచుతుంది, లెన్స్ దాన్ని ఆపదు. పెరుగుతుంటే క్రాస్‌లింకింగ్, అంటే కార్నియాను గట్టిపరిచే చికిత్స, సంగతి డాక్టర్‌ని అడగాలి.

యాంకర్: మళ్లీ చూపించుకోడానికి పోయేటప్పుడు?

ఆప్టోమెట్రిస్ట్: డబ్బాలో వేసుకుని పోవద్దు. నొప్పి, ఎరుపు లేకుంటే ఇక్కడే పెట్టుకుని బస్సెక్కండి. బెంగళూరులో దిగేసరికి లెన్స్ పెట్టుకుని నాలుగు గంటలు గడిచుంటాయి. లెన్స్ ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చుని ఉంటుంది.