మందు కొట్టే ముందు మొదలు చూడండి

అందరికీ నమస్కారమండీ. నాటి రెండు మూడేళ్లు కూడా కాని చెట్టు నీరసించిందంటే మనలో చాలామంది ముందు ఆకు ఫొటో తీస్తారు, "ఇదేం పురుగు, ఏ మందు కొట్టాలి" అని అడుగుతారు. పురుగు ఉందని ముందే తేల్చేసుకున్నాం చూశారా! లేత చెట్ల విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటే, బాధ ఆకు మీద కనిపించినా కారణం చాలాసార్లు కింద, వేళ్ల దగ్గరో కాండం మొదట్లోనో ఉంటుంది.

అందుకే చెట్టు పక్కన కూర్చోండి. నిలబడి చూస్తే ఆకులే కనిపిస్తాయి. మొదట్లో మట్టిని చేత్తో మెల్లగా పక్కకి తీయండి. కాండం నేలలోకి దిగే చోట కాస్త వెడల్పై వేళ్లుగా విడిపోవాలి, అలా కాకుండా కరెంటు స్తంభంలా నిట్టనిలువుగా దిగిపోయిందంటే మరీ లోతుగా నాటారనో, తర్వాత మట్టి ఎగదోశారనో అర్థం. బెరడు ఎప్పుడూ తడిలోనే ఉంటే కుళ్లుతుంది, లోతులో వేళ్లకి గాలి అందదు. కుండీలో ఎక్కువ కాలం పెరిగిన మొక్కకైతే వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి, వాటిని విడదీయకుండా నాటేస్తే కాండం లావెక్కేకొద్దీ ఆ వేళ్లే దాన్ని బిగించేస్తాయి. ఊతకర్రకి కట్టి మర్చిపోయిన తాడూ, పేరు చీటీ కట్టిన తీగా చేసేది ఇదే పని. గడ్డి కోసే మెషీన్ తగిలి బెరడు లేచిందేమో కూడా చుట్టూ తిరిగి చూడండి, ఎందుకంటే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగేది బెరడు లోపలి పొర గుండానే, అది చుట్టూరా తెగితే వేళ్లు ఆకలితో చచ్చిపోతుంటే పైన ఆకులు మాత్రం కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి, మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఇక నీళ్లు. చెట్టు వాడితే వెంటనే బకెట్ పట్టుకుని వెళ్తాం. నీళ్లు తక్కువైనా వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది, పైనుంచి చూస్తే తేడా తెలియదు. ఓ 15 సెంటీమీటర్లు తవ్వి ఆ మట్టిని పిడికిట్లో పట్టుకోండి, ముక్కు దగ్గర పెట్టుకోండి. జిగటగా ఉండి మురుగు వాసన వస్తే వేళ్లకి ఊపిరాడట్లేదు. సన్న వేరు ఒకటి దొరికితే గోటితో పట్టి లాగండి. బతికున్న వేరు గట్టిగా ఉంటుంది, కుళ్లినదైతే పైతోలు మెత్తగా ఊడొచ్చి మధ్యలో ఈనె మాత్రం మిగులుతుంది. అలాంటి చెట్టుకి బలం కోసమని ఎరువు వేయకండి, దయచేసి. ఎరువు ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి, అది చూసి మళ్లీ ఏదో తెగులనుకుంటాం.

ఇంతా చూశాక ఆకుల దగ్గరికి రండి. మొదట చూడాల్సింది పసుపు రంగు పాత ఆకులకి వచ్చిందా, కొత్త చిగుళ్లకి వచ్చిందా అని. నత్రజని, మెగ్నీషియం చాలకపోతే చెట్టు వాటిని పాత ఆకుల నుంచి లాగి కొత్తవాటికి ఇస్తుంది, కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు, అందుకే ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరగడం చిగుళ్లలోనే మొదలవుతుంది. ఇనుము నేలలో ఉన్నా, క్షారం ఎక్కువైనప్పుడూ నీళ్లు నిలిచినప్పుడూ వేరు తీసుకోలేదు. చెట్టంతా ఒకేసారి ఒకేలా మాడిందంటే ఎండో, నీళ్లో, ఎరువో అయ్యుండొచ్చు. ఓ కొమ్మలో మొదలై పాకుతుంటే అప్పుడు పురుగునో తెగులునో అనుమానించండి.

పురుగులు వదిలే గుర్తులు వేరువేరు. ఆకు మీద వంకర గీతలుంటే లోపల తొలుస్తున్నట్టు. అంచున అర్ధచంద్రాకారంలో నున్నగా తెగి ఉంటే గూడు కట్టుకోడానికి ఓ రకం తేనెటీగ తీసుకెళ్లిన ముక్క అది, చెట్టుకేం కాదు, వదిలేయండి. కాండానికి రంధ్రం ఉండి పొట్టు రాలుతుంటే మాత్రం సీరియస్‌గా తీసుకోండి, కాండం తొలిచే పురుగు ముఖ్యంగా అప్పటికే నీరసించిన చెట్లనే పట్టుకుంటుంది. ఆకుల మీద సూదిమొన తెల్లచుక్కలుంటే కొమ్మ కింద తెల్లకాగితం పట్టి రెండుసార్లు తట్టండి. పడిన నలుసులు కాసేపటికి నడవడం మొదలుపెడితే అవి నల్లులు, మంచాల్లో ఉండేవి కావు, ఇంగ్లీషులో మైట్స్ అనేవి. వాటికి ఎనిమిది కాళ్లు, అవి కీటకాలు కావు, మామూలు పురుగుమందు చాలావరకు వాటికి పనిచేయదు, పైగా వాటిని తినేవాటిని చంపేసి వీటి సంఖ్యే పెంచుతుంది.

చీమలు బారులు తీరి చెట్టెక్కుతుంటే చిగురు వెనక్కి తిప్పి చూడండి, చాలాసార్లు పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగుల గుంపు ఉంటుంది. అది వదిలే తేనెబంక కోసమే చీమలు వస్తాయి, ఆ బంక మీదే మసిలాంటి నల్లటి బూజు పడుతుంది. అక్కడే పొడుగ్గా, నల్లగా, నారింజ మచ్చలతో ఓ పిల్ల పురుగు తిరుగుతుండొచ్చు. చూడ్డానికి బాగోదని నలిపేయకండి! అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకే దాని తిండి. నీళ్లు గట్టిగా చిమ్మి పేనుబంకని రాల్చండి, తర్వాత కొన్నాళ్లు ఆగి చూడండి.

మొత్తం ఎండినట్టున్న చెట్టుని కూడా తొందరపడి పీకేయకండి. సన్న కొమ్మ మీద గోటితో గీకితే కింద పచ్చగా తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది, లేకపోతే ఇంకాస్త కిందికి వచ్చి గీకండి.

ఇప్పుడు ఆకులు తెచ్చినవాళ్లు ముందుకి రండి. అది చిగురాకో ముదురాకో, చెట్టు మొదట్లో మట్టి ఎలా ఉందో ముందు ఆ రెండూ చెప్పండి, మందు సంగతి తర్వాత చూద్దాం.