ఈఎస్‌పీ32లో స్క్రీన్ స్లైడ్: ర్యామ్ సరిపోకపోతే ఏం చేయాలి?

మొన్న ఇంట్లోకి టెంపరేచర్ చూపించే చిన్న డబ్బా ఒకటి చేశాను. ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్), ఐఎల్‌ఐ9341 అనే చిప్‌తో నడిచే 2.8 అంగుళాల డిస్‌ప్లే, అంతే. బటన్ నొక్కితే సెట్టింగ్స్ పేజీ ఫోన్‌లో లాగా జారుతూ రావాలని నా ఆశ. వచ్చింది, కాకపోతే నత్తలా వచ్చింది.

ఎందుకో లెక్క వేద్దాం. 240 ఇంటూ 320 పిక్సెల్స్, ఒక్కోదానికి 2 బైట్లు, అంటే ఒక స్క్రీన్‌కి 1,53,600 బైట్లు. పాతదీ కొత్తదీ రెండూ దగ్గర పెట్టుకోవాలంటే 3 లక్షలు దాటుతుంది. ఈఎస్‌పీ32లో 520 కేబీ ర్యామ్ ఉందిగా అంటారు, ఉంది, కానీ వైఫై ఆన్ చేశాక ఒకే ముక్కగా 150 కేబీ అడిగి చూడండి, తెలుస్తుంది!

ఎల్‌వీజీఎల్ (స్క్రీన్ మీద పేజీలు గీసిపెట్టే లైబ్రరీ) వాడితే స్క్రీన్‌లో పదో వంతు బఫర్ (గీసిన ముక్కను పంపేదాకా ఉంచే ర్యామ్) చాలు, నిజమే. కానీ స్లైడ్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ స్క్రీన్ మొత్తం మారుతుంది కాబట్టి, ఆ పది ముక్కలూ ప్రతిసారీ మళ్లీ గీసి మళ్లీ ఎస్‌పీఐ (బోర్డు నుంచి డిస్‌ప్లేకి డేటా వెళ్లే దారి) మీద పంపాలి. 40 మెగాహెర్ట్జ్‌లో ఒక్క స్క్రీన్ పంపడానికే దాదాపు 31 మిల్లీసెకన్లు, గీసే టైమ్ ఇంకా కలపలేదు.

అసలు సంగతేంటంటే, ఒక స్క్రీన్ బొమ్మ ఆల్రెడీ డిస్‌ప్లే చిప్ సొంత మెమరీలో ఉంది. దాన్ని మనం దాచుకోనక్కర్లేదు. మెమరీలో ఏ లైన్ నుంచి చూపించాలో చెప్పే కమాండ్ ఉంది, హెక్స్‌లో (పదికి బదులు 16 ఆధారంగా అంకెలు రాసే పద్ధతి) 37. లైన్ 16 నుంచి మొదలుపెట్టు అంటే బొమ్మంతా 16 లైన్లు పైకి జరిగి, పైన పోయినవి కింద తేలతాయి. ఆ 16 లైన్లలో కొత్త పేజీ మొదటి ముక్క రాసేయడమే. 7,680 బైట్లు, ఒకటిన్నర మిల్లీసెకను. అలా 20 సార్లు చేస్తే కొత్త పేజీ పూర్తిగా వచ్చేస్తుంది, మొత్తం పంపిన డేటా మాత్రం ఒకే ఒక్క స్క్రీన్‌ది. ఇది చూసిన రోజు నేను బటన్ నొక్కుతూనే కూర్చున్నాను, ఇంట్లోవాళ్లు ఏమైందిరా అన్నారు.

ఒక తిరకాసు ఉంది. ఈ స్క్రోల్ 320 వైపే జరుగుతుంది. డిస్‌ప్లే నిలువుగా పెడితే పైకీ కిందకీ, అడ్డంగా పెడితే పక్కకి. పైన స్టేటస్ బార్ కదలకూడదంటే హెక్స్ 33 కమాండ్‌తో ఆ లైన్లు ఆపొచ్చు, కానీ నిలువుగా పెట్టినప్పుడే. అడ్డంగా పెడితే ఆగేది పక్కనున్న పట్టీ, పైన ఉన్నది కాదు.

మరి ఫేడ్? ఒక పేజీ కరుగుతూ ఇంకోటి తేలడం ఈ బోర్డు మీద వదిలేయండి, ప్రతి పిక్సెల్‌కీ రెండు రంగులు కలపాలి, అంత ఓపిక దానికి లేదు. నేనైతే బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెనకుండే లైటు) పిన్‌కి పీడబ్ల్యూఎం (చాలా వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్) ఇచ్చి వెలుగు తగ్గిస్తా, చీకట్లో కొత్త పేజీ గీసేస్తా, మళ్లీ వెలిగిస్తా. ర్యామ్ ఖర్చు దాదాపు సున్నా. కొన్ని మాడ్యూల్స్‌లో బ్యాక్‌లైట్ నేరుగా 3.3 వోల్టులకే కలిపి ఉంటుంది, ముందు ఆ పిన్ విడిగా బయటికి ఇచ్చారో లేదో చూసుకోండి.